వెనక్కి మూడు గేర్లు

డౌనీలో ఆడవాళ్ళు సోమవారం బట్టలు ఉతుకుతారు. ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన లైల్ హాల్‌వర్సన్‌కు ఈ సంగతి తెలుసు. ఆ రోజు ఉదయం అతను ఎండ చూశాడు. గాలి ఎటు వీస్తోందో చూశాడు. ఏ వారమో మాత్రం చూడలేదు.

వాళ్ళమ్మ ఐడా ఇల్లు శుభ్రం చేసే వాక్యూమ్ గొట్టాన్ని గాలి బయటికి ఊదేలా తిప్పి, కొసకు రంగు సీసా బిగించి, గ్యారేజీలో కారు తలుపులకు రెడ్డాక్సైడు కొట్టాడు. తలుపుల మీద పడాల్సిన రంగులో సగం తలుపుల మీదే పడింది. మిగతా సగం గ్యారేజీ దాటి, కంచె దాటి, పక్కింటి దండెం మీదికి పోయింది.

కాసేపటికి పక్కింటి అమ్మాయి వచ్చింది. వాళ్ళు ఆ ఇంట్లోకి ఈమధ్యే దిగారు. తండ్రి హార్లన్ ప్రూయిట్ చమురు బావులు తవ్వే రిగ్గు మీద పనిచేస్తాడు. కూతురు నాడీన్ పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఇంట్లో ఇద్దరే. ఆమె చేతిలో తెల్ల కోటు ఉంది, కంచె అవతల దండెం మీద అలాంటివే ఇంకో రెండు.

"ఇది మీదేనా?" అంది.

"కోటా? కాదండీ."

"రంగు."

లైల్ కోటు చూశాడు. తర్వాత గ్యారేజీ తలుపు, కంచె, దండెం, అదే వరసలో చూశాడు.

"రంగు నాదే," అన్నాడు.

"రేపు నేనిది వేసుకుని క్లినిక్కుకి వెళ్తే జనం రక్తం అనుకుంటారు."

"రక్తం ఇంకాస్త ముదురుగా ఉంటుందండీ."

"ఆ మాట కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నవాడికి మీరొచ్చి చెబుతారా?"

లైల్ కొత్తది కొనిస్తానన్నాడు.

"అక్కర్లేదు. ఉతకండి."

"నేనా?"

"రంగు కొట్టింది ఎవరు?"

"ఎన్నిసార్లు ఉతకాలి?"

"మరక పోయేదాకా. ప్రతి సోమవారం తెచ్చిస్తాను. సోమవారం మా డాక్టరు గారు చేపలు పట్టడానికి వెళ్తారు, నాకు సెలవు."

రెడ్డాక్సైడు ఆరాక ఉతికితే పోయేది కాదు. ఆ సంగతి లైల్‌కు తెలుసు. చెప్పలేదు. ఆమెకూ తెలిసే ఉంటుందన్న ఆలోచన అతనికి రాలేదు.

*

ఆ గ్యారేజీలో ఉన్నది పంతొమ్మిదివందల ముప్ఫైరెండో సంవత్సరపు ఫోర్డు కారు ఒళ్ళు మాత్రమే. ఎవరి కోళ్ళఫారంలోనో పడి ఉంటే లైల్ తెచ్చాడు. మడ్‌గార్డులు పీకేశాడు. పైకప్పు దానికి మొదట్నుంచీ లేదు. లారీ కింద నలిగిన మెర్క్యురీ కారులోంచి ఎనిమిది సిలిండర్ల ఇంజను తీసి దీనికి అమర్చాడు. ముసలి ఒంట్లో పడుచు గుండె పెడితే అది హాట్ రాడ్ అవుతుంది. ఆ వీధిలో పెళ్ళికాని కుర్రాళ్ళున్న ప్రతి గ్యారేజీలోనూ అలాంటిది ఒకటి ఉంది. నడిచేవి తక్కువ.

లైల్ విమానాల ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టులో రివెట్లు కొడతాడు. పగలంతా గ్యారేజీలో ఉంటాడు. సోమవారాలు మాత్రం ముందు కోట్లు ఉతికి, దండెం మీద వేసి, ఆ తర్వాత కారు దగ్గరికి వస్తాడు. నాడీన్ తిరగేసిన బకెట్టు మీద కూర్చుని చూస్తుంది. మొదటివారం కోట్లు సరిగా ఉతుకుతున్నాడో లేదో చూడటానికి కూర్చుంది. రెండోవారం నుంచి అతన్ని "నువ్వు" అంటోంది.

"ఎప్పటికవుతుంది ఈ కారు?"

"రెండు వారాలు."

లోపలి నుంచి ఐడా గొంతు వినిపించింది. "పోయినేడాది కూడా రెండు వారాలే, అమ్మాయ్!"

"అప్పుడు ఇంజను లేదమ్మా."

"ఇప్పుడేం లేదు?" అంది నాడీన్.

"సీట్లు లేవు. సైలెన్సర్ లేదు. వెనక యాక్సిల్ విప్పి ఉంది. రేడియేటర్ ఫ్యాను..."

"ఉన్నవి చెప్పు, తొందరగా అయిపోతుంది."

లైల్ నవ్వలేదు. స్పానర్ కోసం వంగి బెంచీ కింద కాసేపు ఉండిపోయాడు. స్పానర్ అతని చేతిలోనే ఉంది.

అతను ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. కారు నడిచిన రోజున నాడీన్‌ను ఎక్కించుకుని లాంగ్ బీచ్ తీసుకెళ్ళాలి. సముద్రం ఎదురుగా కారు ఆపి, చెప్పాల్సింది చెప్పాలి. నడవని కారు పక్కన నిలబడి చెప్పే మాట కాదది అని అతని అభిప్రాయం. దీనివల్ల ఆ మాట యాక్సిల్ మీదా, ఫ్యాను మీదా, ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ మీదా ఆధారపడి ఉంది.

ఈ సంగతి ఐడా ఎలాగో కనిపెట్టింది.

"చెప్పాల్సింది కారుకా, ఆ పిల్లకా?" అంది ఒకరోజు సూపు పోస్తూ.

"ఏం చెప్పాలమ్మా?"

"అదే అడుగుతున్నా."

"ముందు యాక్సిల్ కానీ."

ఐడా గరిటె గిన్నెలో పెట్టి, కొడుకు వైపు చూసి, తన సూపు తను తాగింది.

*

యాక్సిల్ బిగించే రోజు కూడా సోమవారమే.

వెనక చక్రాలను తిప్పేది యాక్సిల్ మధ్యలో ఉండే గుండ్రటి డొల్ల. దాని లోపల పళ్ళెమంత పళ్ళచక్రం ఒకటి ఉంటుంది. దాన్ని క్రౌన్ అంటారు. ఆ కారులో క్రౌన్ ఎడమవైపు కూర్చోవాలి. కుడివైపు కూడా అంతే చక్కగా కూర్చుంటుంది. మూత బిగించాక తేడా పైకి తెలియదు. కుడివైపు కూర్చుంటే చక్రాలు ఎదురు తిరుగుతాయి. ముందుకు పోవాల్సిన మూడు గేర్లూ వెనక్కి పోతాయి. వెనక్కి పోవాల్సిన ఒక్క గేరూ ముందుకు పోతుంది. హాట్ రాడ్లు కట్టేవాళ్ళలో ఈ తప్పు గురించి వినని వాడు లేడు. వేరేవాడు చేశాడని చెప్పుకుని నవ్వుకుంటారు.

నాడీన్ పాత బ్రష్షుతో, కిరసనాయిలుతో క్రౌన్ పళ్ళు తోముతోంది.

"ఉద్యోగంలోనూ పళ్ళే, సెలవురోజూ పళ్ళే," అంది. "కాకపోతే ఇది మధ్యలో లేచి ఉమ్మి వస్తాననదు."

"లోపలి వైపు కూడా తోము."

"తోమాను డాక్టరు గారూ. పుచ్చులేమీ లేవు."

క్రౌన్ అందించింది. అందుకునేటప్పుడు అతని వేళ్ళు ఆమె వేళ్ళ మీద పడ్డాయి. నాలుగు చేతులూ జిడ్డుగానే ఉన్నాయి. ఎవరూ తీయలేదు. క్రౌన్ బరువైనది, పడేస్తే పాడవుతుంది. కారణం అదేనని ఇద్దరూ అనుకున్నట్టే ఉన్నారు.

"లైల్."

"ఊఁ."

"నాన్న పనిచేసే రిగ్గు టాఫ్ట్ వెళ్ళిపోతోంది. ఇక్కడి బావి ఎండిపోయింది. శనివారం సామాను ఎత్తుతున్నాం."

లైల్ చేతిలో క్రౌన్ ఉంది. ఎదురుగా డొల్ల ఉంది.

"టాఫ్ట్," అన్నాడు.

"కొండల అవతల. నూనె బావులు తప్ప ఇంకేం లేవట." బ్రష్షు పక్కన పెట్టింది. "మా డాక్టరు గారు నన్ను ఉండిపొమ్మంటున్నారు. ఉండొచ్చు కూడా. ఇంకెవరైనా ఉండమంటే."

లైల్ క్రౌన్‌ను డొల్లలో పెట్టాడు. అది చక్కగా కూర్చుంది.

"గ్యాస్కెట్ ఇటివ్వు," అన్నాడు.

నాడీన్ గ్యాస్కెట్ ఇచ్చింది. బోల్టులు కూడా అడక్కుండానే ఇచ్చింది. లైల్ అన్నీ బిగించాడు. నాడీన్ లేచి చేతులు తుడుచుకుంటూ అడిగింది.

"ఇంకెన్నాళ్ళు పడుతుంది?"

"రెండు వారాలు," అన్నాడు అలవాటు చొప్పున. అన్నాక తల పైకెత్తాడు. ఆమె అప్పటికే కంచె దాటింది. దండెం మీది కోట్లు తీసుకోలేదు.

*

ఆ వారం లైల్ ఓవర్‌టైమ్‌కు పోలేదు. ఇంట్లో సరిగా తినలేదు. సీట్ల ఊసెత్తలేదు. శనివారానికి కారు కదిలితే చాలనుకుని సైలెన్సర్ సంగతి వదిలేశాడు. నాడీన్ రాలేదు. కోట్లు ఐడా తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది.

"ఏమంది?" అన్నాడు లైల్.

"థాంక్స్ అంది."

"ఇంకేం అనలేదా?"

"అనాల్సింది ఆ పిల్ల కాదు కదరా."

శనివారం ఉదయం లైల్ నూనె పోశాడు, పెట్రోలు పోశాడు, నారింజపళ్ళ చెక్కపెట్టె ఒకటి డ్రైవరు సీటు ఉండాల్సిన చోట బోర్లించి దాని మీద కూర్చున్నాడు. కొత్తగా కట్టిన ఏ హాట్ రాడ్ అయినా మొదటిసారి కదిలేది చెక్కపెట్టె మీదే. పక్కింటి ముందు ప్రూయిట్ లారీ సామానుతో నిండి ఉంది. మంచాలు, పొయ్యి, బల్ల, అన్నిటికీ పైన కుర్చీలు తలకిందులుగా.

లైల్ స్టార్టర్ నొక్కాడు. ఇంజను దగ్గింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ దగ్గింది. బయట లారీ తలుపు పడిన చప్పుడు, ఆ తర్వాత లారీ కదిలిన చప్పుడు వినిపించాయి.

మూడోసారి ఇంజను అందుకుంది. సైలెన్సర్ లేని ఎనిమిది సిలిండర్లు గ్యారేజీలో మోగేసరికి అలమరలో సీసాలు వాటంతట అవే నడిచి కింద పడ్డాయి. ఐడా వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

కారు మూతి లోపలికి ఉంది. బయటికి రావాలంటే వెనక్కి రావాలి. లైల్ రివర్సు గేరు వేసి క్లచ్ వదిలాడు. కారు ముందుకు వెళ్ళి బెంచీని గుద్దింది.

గేరు తీసి చూశాడు. రివర్సే. మళ్ళీ వేశాడు. బెంచీ మళ్ళీ కదిలింది.

లైల్ స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని యాక్సిల్ వైపు తిరిగి చూశాడు. క్రౌన్ పట్టుకున్న నాలుగు చేతులు గుర్తొచ్చాయి. డొల్ల గుర్తొచ్చింది. ఏ వైపు పెట్టాడో గుర్తు రాలేదు. ఇప్పుడు గుర్తు రావాల్సిన అవసరమూ లేదు.

"ఏమైందిరా?" అని అరిచింది ఐడా.

"మూడు గేర్లు వెనక్కి పోతాయమ్మా!"

"వెళ్ళాల్సింది ఎటు?"

"రోడ్డు మీదికి!"

"రోడ్డు నీ వెనకే ఉంది కదరా!"

ఇది నిజమే. లైల్ మొదటి గేరు వేశాడు. కారు వెనక్కి నడిచి గ్యారేజీ దాటింది, వాకిలి దాటింది, రోడ్డెక్కింది. లారీ పోయిన వైపుకు తోక తిప్పాడు. రెండో గేరు వేశాడు. మూడో గేరు కూడా వేశాడు.

"వెనక్కి చూసి నడుపు!" అంది ఐడా.

*

పెద్దరోడ్డు మీద, నారింజ తోటలు మొదలయ్యే చోట, లారీ కనిపించింది. నెమ్మదిగా పోతోంది. సామాను బరువు అనుకున్నాడు లైల్. మెడ వెనక్కి తిప్పి, ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, లారీ పక్కకు చేరాడు.

మామూలుగా వచ్చి ఉంటే, స్టీరింగు ఎడమవైపు కనక, అతను కారులో లారీకి దూరపు పక్కన పడేవాడు. కారు తోక ముందుగా రావడంతో అతని చెక్కపెట్టె సరిగ్గా లారీ డ్రైవరు కిటికీ పక్కకు వచ్చింది. కిటికీలో హార్లన్ ప్రూయిట్ మోచెయ్యి ఉంది. ఆయన పక్కన, అవతలి కిటికీ దగ్గర, నాడీన్ కూర్చుని ఉంది. ఆమె రోడ్డు వైపే చూస్తోంది.

"గుడ్ మార్నింగ్, ప్రూయిట్ గారూ!" అని అరిచాడు లైల్. ఇంజను మోత మీద అరవక తప్పదు.

హార్లన్ తల తిప్పాడు. కారును మూతి నుంచి తోక దాకా చూశాడు.

"గుడ్ మార్నింగ్. ఎటు ప్రయాణం?"

"మీరు వెళ్ళే వైపేనండీ!"

"కారు అలా అనుకోవటం లేదు."

"క్రౌన్ కుడివైపు పెట్టానండీ!"

"ఎడమ కదా పెట్టాలి."

"తెలుసండీ! అది పెట్టేటప్పుడే నాడీన్ వెళ్ళిపోతున్నానని చెప్పింది!"

హార్లన్ దీని గురించి కొంత దూరం ఆలోచించాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"అమ్మాయ్. నీ కోసం."

నాడీన్ ఏదో అంది. మోతలో వినపడలేదు.

"ఏం కావాలో అడగమంటోంది," అన్నాడు హార్లన్.

"ఉండిపొమ్మనండి!"

"ఉండిపొమ్మంటున్నాడు." విన్నాడు. "ఎందుకంటోంది."

"నేను... అంటే..."

"గట్టిగా, అబ్బాయ్. నాకు రిగ్గు మీద చెవులు పోయాయి."

"నాకు తనంటే..."

ఎదురుగా పాల వ్యాను వచ్చింది. లైల్ బ్రేకు నొక్కి లారీ వెనక్కి జారాడు. వ్యాను పోయింది. వ్యానులో మనిషి లైల్‌ను కాక రోడ్డును తిట్టుకుంటూ పోయాడు, తను ఎటు వెళ్తున్నాడో అనుమానం వచ్చినవాడిలా. లైల్ మళ్ళీ కిటికీ పక్కకు చేరాడు.

"ఎక్కడున్నాం?" అన్నాడు హార్లన్.

"ఇష్టమండీ! నాకు తనంటే ఇష్టం!"

"ఇష్టమట," అన్నాడు హార్లన్ కూతురితో. "నేను కాదు, నువ్వు." మళ్ళీ విన్నాడు. "సోమవారం చెప్పడానికి ఏమొచ్చిందని అడుగుతోంది."

"కారు నడిచాక చెబుదామనుకున్నానండీ!"

హార్లన్ కారు వైపు ఇంకోసారి చూశాడు.

"ఇది నడిచినట్టేనా?"

లైల్ నిజాయితీగా ఆలోచించాడు. "కాదండీ. కానీ ఇక ఆగలేను."

హార్లన్ ఈ మాటను కూతురికి చేరవేయలేదు. ఆమెకు వినిపించింది. అవతలి కిటికీ వైపు తల తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో లైల్‌కు తెలియలేదు. రోడ్డు కూడా చూసుకోవాలి.

"ఇరవయ్యేళ్ళ నుంచి రిగ్గు మీద ఉన్నాను," అన్నాడు హార్లన్. "తంతి ఆఫీసు పని ఇదే మొదటిసారి." లారీని తోట పక్కకు తీసి ఆపాడు.

*

లైల్ ఇంజను ఆపాడు. చెవుల్లో మోత తగ్గడానికి కాస్త సమయం పట్టింది. నాడీన్ లారీ దిగి, చుట్టూ తిరిగి, అతని ముందుకు వచ్చి నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నవ్వుతోంది కూడా.

"ఇప్పుడు నాన్న మధ్యలో లేడు. చెప్పు."

"ఉండిపో నాడీన్."

"ఎక్కడ ఉండను?"

లైల్ అంత దూరం ఆలోచించలేదు.

"మా డాక్టరు గారి అక్కగారింట్లో గది మాట్లాడాను," అంది ఆమె.

"ఎప్పుడు?"

"బుధవారం."

"మరి లారీ ఎందుకెక్కావు?"

"నువ్వు పిలవకుండా ఉండిపోతే నేనేమైపోవాలి? ప్రతి సోమవారం కంచె అవతల బకెట్టు వేసుకుని కూర్చోనా?"

హార్లన్ లారీ లోపలికి చెయ్యి పెట్టి ఒక పెట్టె తీశాడు. చిన్నది, పట్టీ బిగించి ఉంది.

"పొద్దున సామానుతో పాటు ఎక్కించమంటే ఎక్కించలేదు," అన్నాడు లైల్‌తో. "ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈ లారీ యాభై మైళ్ళ వేగంతో పోతుందోయ్. ఇరవై దాటనివ్వలేదు. సామాను పడిపోతుందట. ఆ ముళ్ళు వేసింది నేను. నా ముళ్ళు ఊడవు."

"నాన్నా," అంది నాడీన్.

"ఏం, అబద్ధమా?"

ఆమె తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. హార్లన్ ఆమె వీపు మీద చెయ్యి వేసి, పెద్ద బరువు దించేవాడు దించాక కాసేపు నిలబడ్డట్టు, అలాగే నిలబడ్డాడు. తర్వాత లైల్ వైపు చెయ్యి చాచాడు. లైల్ తన చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. అలా తుడుచుకోవడం వల్ల చెయ్యి ఇంకా జిడ్డయింది. హార్లన్ పట్టించుకోలేదు.

"నెలాఖరుకు వస్తాను," అన్నాడు. "మీ అమ్మగారితో మాట్లాడాలి. అప్పటిదాకా ఆ క్రౌన్ విప్పకు. పెళ్ళి మాటలు మాట్లాడేటప్పుడు పెద్దలకు పక్కన కాస్త పని ఉంటే బావుంటుంది. ఇద్దరం కలిసి మారుద్దాం."

"అలాగేనండీ."

"వెనక్కి నడపడం నేర్చావు కదా. ఇక నా కూతుర్ని ఎక్కించుకుని మాత్రం ముందుకు చూసి నడుపు."

లారీ ఈసారి యాభైలో పోయింది. తలకిందులైన కుర్చీలు తోట మలుపు దాటేదాకా కనిపించాయి.

*

కారు మూతి ఇంటి వైపే ఉంది. తిప్పే అవసరం రాలేదు.

రెండో సీటు లేదు. నాడీన్ తన పెట్టెను నారింజపళ్ళ పెట్టె పక్కన పెట్టి దాని మీద కూర్చుంది. లైల్ రివర్సు గేరు వేశాడు. కారు ముందుకు కదిలింది. అది అన్నిటికంటే నిదానపు గేరు. సైకిళ్ళ మీద పోయేవాళ్ళు దాటిపోతూ చేతులూపారు.

ఆ గేరులో ఎక్కువ దూరం పోతే ఆ ఇంజను వేడెక్కుతుంది. ఒక మైలు పోయేసరికి రేడియేటర్ మూత దగ్గర ఆవిరి లేచింది. లైల్ కారును చెట్ల నీడకు తీసి ఆపాడు.

"ఏం చేయాలి?" అంది నాడీన్.

"చల్లారేదాకా కూర్చోవాలి."

కూర్చున్నారు. రోడ్డు మీద బళ్ళు పోతున్నాయి. కొందరు వేగం తగ్గించి సాయం కావాలా అని అడిగారు. లైల్ అక్కర్లేదన్నాడు. నాడీన్ అతని చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఈసారి మధ్యలో క్రౌన్ లేదు. పడేస్తే పాడయ్యేది ఏమీ లేదు. అయినా ఇద్దరూ జాగ్రత్తగానే పట్టుకున్నారు.

చెట్ల నీడ కారు మీది నుంచి జరిగి రోడ్డు మధ్యకు పోయింది. ఎండ మొహం మీద పడుతోంది.

"ఇంజను చల్లారిందా?" అంది నాడీన్.

"చాలాసేపయింది," అన్నాడు లైల్.